పరీక్షాధికారి తుమ్ములు

ఆ రోజుల్లో, అంటే రెండువేల ఇరవైలో లోకమంతా తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు, ప్రతివాళ్ళూ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకున్నారు. మా పక్కింటి జర్మను దంపతులు పులిసిన పిండితో రొట్టె చేయడం నేర్చుకుని, చేసినప్పుడల్లా ఒకటి మా గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టి పారిపోయేవారు (మొదటి నాలుగు కత్తికి లొంగలేదు, ఐదోది బాగుంది). ఎష్‌బోర్న్‌లో ఉండే మా అమ్మాయి తన జుట్టు తనే కత్తిరించుకోవడం నేర్చుకుంది. ఆ ఫలితాన్ని వీడియోలో చూసి నేనేమీ అనలేదు. నేను మాత్రం కారు నడపడం నేర్చుకున్నాను. అప్పటికి నాకు అరవై రెండు నిండి అరవై మూడో ఏడు నడుస్తోంది. ఇలా కచ్చితంగా చెప్పడం నా అలవాటు. పాడర్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు నిల్వల లెక్కలు చూసి మానేసిన మనిషిని. ఎవరైనా "ఓ అరవై ఏళ్లుంటాయేమో" అని గాలిలో అంకె విసిరితే నాకు ఒళ్ళు మండుతుంది.

కారు మాకు ఉంది. నడిపే మనిషే లేకుండా పోయారు. (ఉన్నారు, నిక్షేపంగా ఉన్నారు. నేను చెప్పేది కళ్ళ సంగతి.) ఆ ఏడాది ఫిబ్రవరిలో కంటి డాక్టరు మా ఆయన్ని కూర్చోబెట్టి, గ్లకోమా వల్ల పక్కచూపు బాగా తగ్గిందని, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పాడు. ముప్ఫై మూడేళ్లుగా బండి నడిపిన మనిషి ఇంటికొచ్చి, తాళంచెవి మేకుకు తగిలించి, ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. నెలనెలా కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. బస్సులో వెళ్తే అమ్మాయి ఫోనులోనే కేకలు వేసేది: "నాన్నకి షుగరుంది, బస్సులెక్కి తిరుగుతారా మీరు?" టాక్సీ అంటే ఆయన ఒప్పుకోరు. ఒక సాయంత్రం టీ తాగుతూ చల్లగా చెప్పారు.

"శనివారం రొట్టెల దుకాణం ఆయన వచ్చి బండి చూస్తానన్నాడు."

"ఎందుకూ?"

"ఎందుకేందీ? నడిపేవాళ్ళు లేని బండికి ఇన్సూరెన్సు దండగ."

"నేను నడుపుతాను."

మా ఆయన కప్పు కింద పెట్టారు. "నువ్వా?"

"నేనే. ఇన్నేళ్ళూ పక్క సీట్లో కూర్చుని ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆపాలో మీకు చెప్పిందెవరు?"

"చెప్పటం వేరోయ్, నడపటం వేరు."

"చెప్పడమే కష్టం. మీరు వింటేగా."

చివరికి ఒప్పందం కుదిరింది. రొట్టెల దుకాణం ఆయన్ని ఆగమనాలి. నేను పాసైతే బండి మనది. తప్పితే మారుమాట లేకుండా ఆయనకిచ్చేయాలి. రెండో అవకాశం, మూడో అవకాశం అని రాగాలు తీయకూడదు. ఈ ఆఖరి షరతు మా ఆయనది. నేను ఉద్రేకంలో ఒప్పుకున్నాను.

ఈ దేశంలో మన ఎల్.ఎల్.ఆర్. లాంటిది లేదు. ఒక కాగితం, ఒక ఎర్ర 'ఎల్' బోర్డు సంపాదించి, ఇంట్లో బాబాయినెవరినో పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కుదామంటే కుదరదు. పాసయ్యేదాకా డ్రైవింగు స్కూలువాళ్ళ బండి, స్కూలువాళ్ళ టీచరు, ఆ టీచరు కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. ముందు పాఠాల పరీక్ష పాసవాలి. పాఠాలు కంప్యూటరులో జరిగేవి. తెరమీద ఇరవై గళ్ళలో ఇరవై ముఖాలు, అందులో పంతొమ్మిది ముఖాలకు ఇంకా గడ్డాలు సరిగ్గా రాలేదు. ఒకడు పాఠం సాంతం నూడుల్స్ తింటూనే ఉండేవాడు. జూలైలో ఒక్క తప్పు కూడా లేకుండా ఆ పరీక్ష పాసయ్యాను. (మా మనవరాలు తన పరీక్షలో రెండు తప్పులు చేసింది. ఆ విషయం నేను ఎక్కడా ప్రస్తావించను.) అయితే ఆ పాసుకు ఏడాదే గడువు. ఏడాదిలోగా బండి పరీక్ష కూడా పాసవకపోతే మళ్ళీ మొదటి నుంచీ రావాలి. ఏడాదంటే బోలెడు అనుకున్నాను. వాళ్ళు స్కూలు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు, మళ్ళీ మూశారు. రెండుసార్లు పరీక్ష తేదీ ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. ఫోను ఎత్తితే చాలు అమ్మాయి, "అమ్మా, టెర్మిన్ దొరికిందా?" అనేది, పరీక్ష తేదీ దొరికిందా అని. ఆఖరికి దొరికిన తేదీ రెండువేల ఇరవై ఒకటి జూన్ నెలాఖరున. దాని తర్వాత గడువులోపల ఇంకో తేదీ లేదు.

మా టీచరుకు ఇరవై ఎనిమిదేళ్లు. మనసులో నేను ఆమెకు భుజం టీచరని పేరు పెట్టుకున్నాను. ఇక్కడ బండి కదిలించినా, పక్కకు జరిపినా, ఊరికే మలుపు తిరిగినా, అద్దాలు చూస్తే చాలదు. తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. చూసినట్టు వెనక కూర్చున్నవాళ్ళకు కనిపించాలి కూడా. "భుజం!" అని ఆమె అరవడం, నేను మెడ తిప్పడం, ఆ రాత్రి మా ఆయన నా మెడకు బామ్ రాయడం. ఇది కొన్నాళ్ళకు అలవాటైంది. అలవాటు కానిది ఇంకొకటి. బోర్డులేమీ లేని చిన్న వీధుల్లో కుడివైపు నుంచి వచ్చేవాడికి ముందు దారి ఇవ్వాలి. అది నాకు బాగా నచ్చిన నియమం. కుడినుంచే కాదు, ఎడమ నుంచి వచ్చినా, ఎదురుగా వచ్చినా నేను ఆగి, నవ్వి, చెయ్యి ఊపేదాన్ని, మీరు కానివ్వండి అన్నట్టు. వాళ్ళూ ఆగేవాళ్ళు. ఒకసారి అలా నలుగురం నాలుగు వీధుల్లో ఆగిపోయాం.

"మేడం, ఏం చేస్తున్నారు?" అంది టీచరు.

"మర్యాద."

"ఇది విందు కాదు మేడం. మీ వంతు వస్తే మీరు వెళ్ళాలి. వెళ్ళకపోతే అదీ తప్పే."

మొదటిసారి యాభై వేగం దాటిన రోజు మాత్రం మర్చిపోలేను. ఊరి బయట ఆవాల పొలాలు అటూ ఇటూ పసుపుపచ్చగా వెనక్కి పోతున్నాయి, స్టీరింగు నా చేతిలో ఉంది, బండి నేను చెప్పినట్టు వింటోంది. ఇంట్లో ఇన్నేళ్ళలో అంత సులువుగా నా మాట విన్నది ఇంకేదీ లేదు. నోరంతా నవ్వయిపోయింది. మాస్కు ఉండబట్టి సరిపోయింది. ఇంటికెళ్ళి అదంతా చెబితే మా ఆయన మర్నాడు పోపుల పెట్టెలోంచి చిన్న గిన్నెలు తీసి బల్లమీద వరసగా పేర్చారు. ఆవాల గిన్నెకీ మెంతుల గిన్నెకీ మధ్య ఖాళీలోకి పసుపు గిన్నెను వెనక్కి పోనిచ్చి ఆపడం నేర్పించారు. "వెనక్కి, వెనక్కి, ఇప్పుడు తిప్పు, ఏందమ్మా అది, మెంతులకి డాష్ ఇచ్చావ్!" అంటూ ఆయన కేకలు. బండి అమ్మాలన్న మనిషి ఇంత కష్టపడుతున్నారేమిటా అని అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. అడిగితే ఒప్పుకోరు కాబట్టి అడగలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే మా ఆయన ప్రార్థన చేశారు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, ప్రార్థన లేనిదే గడప దాటం. ఆయన అబ్రహాము దగ్గర మొదలుపెట్టి బండి క్లచ్‌ప్లేటు దాకా ఎవర్నీ వదల్లేదు. అమ్మాయి వీడియోలో, "అమ్మా, కొత్త మాస్కు పెట్టుకున్నావా? టెస్ట్ చేయించుకున్న కాగితం తీసుకున్నావా?" అని అడుగుతూనే ఉంది. దాని వెనక నుంచి మనవరాలు, "డు షాఫ్స్ట్ దస్, అమ్మమ్మా!" అని అరిచింది, నువ్వు చెయ్యగలవు అని. స్కూలు బండిలో స్టీరింగు ముందు నేను, పక్కన భుజం టీచరు, వెనక సీట్లో పరీక్షాధికారి. పొడుగాటి మనిషి. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ముఖంలో మాస్కుపైన కనిపించే భాగం అంతా కనుబొమలే. నా కాగితాలు చూశారు, బండి దీపాల గురించి ఒక ప్రశ్న అడిగారు, జవాబు విని తలూపారు. "ఇక బయల్దేరండి" అన్నారు. నేను ఇంజను వేశాను, అద్దాలు చూశాను, భుజం చూశాను, క్లచ్ వదలబోతున్నాను.

ఆయన తుమ్మారు. ఒక్కటే తుమ్ము.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన పాస్టరు. శకునాలు నమ్మడం పాపమని ఆదివారం ప్రసంగంలో చెప్పేవారు. సోమవారం ఎక్కడికైనా బయల్దేరుతున్నప్పుడు ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే చెప్పులు విప్పేసి, మంచినీళ్ళు తాగి, కాసేపు కుర్చీలో కూర్చునేవారు. వెంటనే రెండో తుమ్ము వస్తే దోషం పోయినట్టే. సరిసంఖ్య అయితే ప్రయాణం, బేసి అయితే మంచినీళ్ళు. పంతొమ్మిది వందల ఎనభైలో గుంటూరులో నేను మిషను జీపు మీద బండి నేర్చుకుని ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను. జీపుతో ఎనిమిది కొట్టి చూపించాల్సిన రోజున బయల్దేరుతుంటే మా పెద్దమ్మ తుమ్మింది. ఆవిడకి నశ్యం అలవాటు. "నశ్యం తుమ్ము శకునం కాదు నాన్నా, అది ముక్కుపొడి మహిమ" అని వాదించాను. "తుమ్ము తుమ్మేనమ్మా, కూర్చో" అన్నారు. కూర్చున్నాం. ఈలోగా రైలు గేటు వేశారు. మేం వెళ్ళేసరికి బ్రేక్ ఇన్‌స్పెక్టరు భోజనానికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, జర్మనీ. ఎల్.ఎల్.ఆర్. గడువు తీరి ఎటో పోయింది. అప్పటినుంచీ నేను తుమ్ముల్ని నమ్మను. నమ్మనని ఎన్నోసార్లు నలుగురిలో చెప్పాను. కానీ ఆ పొద్దున నా చెయ్యి నన్ను అడక్కుండానే ఇంజను ఆపేసింది.

నేను అద్దంలోంచి ఆయన ముక్కు వైపే చూస్తున్నాను. రెండోది రావాలి. రావట్లేదు.

"మేడం," అంది భుజం టీచరు మెల్లగా, "ఇంజను ఎందుకు ఆపారు?"

"ఒక్క క్షణం."

వెనకనుంచి పరీక్షాధికారి గొంతు సవరించుకున్నారు. "భయపడకండి. ఇది గడ్డిపువ్వుల పుప్పొడి, నాకు ప్రతి వేసవిలో ఉండేదే. ఈ ఉదయమే టెస్ట్ చేయించుకున్నాను, నెగటివ్."

ఆయన అర్థం చేసుకున్నది వేరు, నా బాధ వేరు. కానీ ఆ మాటతో నాకొక ఉపాయం తట్టింది. పుప్పొడి అన్నారు కదా. "అయినా గాలి ఆడితే మంచిది కదండీ" అని నాలుగు అద్దాలూ దించేశాను. పక్కనే పార్కు. కోయని గడ్డి నడుము లోతున ఊగుతోంది. ఒక్క గాలి తెర బండిలోకి వచ్చింది, ఆయన మహా గట్టిగా రెండో తుమ్ము తుమ్మారు. నా ప్రాణం లేచొచ్చింది. అద్దం, అద్దం, భుజం, బయల్దేరాం.

కానీ నేను అద్దాలు తెరిచే ఉంచాను. నా తెలివి అక్కడిదాకానే పనిచేసింది. వీధి మలుపులో మూడో తుమ్ము. బేసి! కుడివైపునుంచి సైకిలు వస్తోంది, ఆగాను, సైకిలు పోయింది, ఆయన మళ్ళీ తుమ్మారు, సరి! ధైర్యంగా కదిలాను. రెండు కార్ల మధ్య వెనక్కి పోనిచ్చి ఆపమన్నారు. ఆవాలూ మెంతులూ తలుచుకుంటూ నేను సగం దూరం వెళ్ళేసరికి ఆయన ఇంకొకటి తుమ్మారు, సగం లోపల సగం బయట బ్రేకు మీద ఉండిపోయాను. భుజం టీచరు కళ్ళతోనే ఏమైందని అడిగింది. నేను రెండు భుజాలూ చూశాను, మళ్ళీ రెండు భుజాలూ చూశాను, అంతలో ఆయన తుమ్మారు, గీత తగలకుండా లోపలికి సర్దేశాను. ఒళ్ళంతా చెమట. కానీ ఏమిటో సరదాగా కూడా ఉంది. స్కూల్లో పరుగుపందెంలో దారం దగ్గర పడుతుంటే ఉంటుందే, అచ్చం అలాగే ఉంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపల ఎవరో అరుస్తున్నారు.

ఊరి బయట గుండ్రటి కూడలి వచ్చింది. "రెండో దారిలో బయటికి" అన్నారు పరీక్షాధికారి, అంటూనే తుమ్మారు. నా లెక్కలో అది బేసి. అప్పటికే కూడలిలోకి దిగాను. మొదటి దారి దాటింది, రెండో దారి వస్తోంది, బేసి మీద బయటికి ఎలా వెళ్తాను? వెళ్ళలేదు. చుట్టూ తిరిగాను. "మేడం, రెండోది" అంది టీచరు పళ్ళ మధ్యనుంచి. తలూపాను. రెండో దారి మళ్ళీ వచ్చింది. వెనకనుంచి చప్పుడు లేదు. మళ్ళీ చుట్టూ తిరిగాను. మధ్యలో దిమ్మె మీద గులాబీలకు నీళ్ళు పోస్తున్న మున్సిపాలిటీ మనిషి మొదటిసారి చూశాడు, రెండోసారి గొట్టం పక్కకి పట్టుకుని నిలబడ్డాడు, మూడోసారి చెయ్యి ఊపాడు. లోపలికి రావాలని ఆగిన బస్సు డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించాడు. టీచరు కాలు రెండో బ్రేకు దగ్గరికి జరగడం నాకు కనిపిస్తోంది. అది పడితే పరీక్ష పోయినట్టే. బండి పోయినట్టే. మా ఆయన నెలనెలా బస్సు మెట్లు తడుముకోవాలి. "ప్రభువా, ఆ పెద్దమనిషి ముక్కుని కరుణించు" అని ప్రార్థించాను. (మా నాన్నగారు వింటే ఏమనేవారో తెలియదు.) రెండో దారి దగ్గరకొచ్చింది. వెనక ఊపిరి పీల్చిన శబ్దం, ఇంకా పీల్చిన శబ్దం, ఆ తర్వాత బండి అదిరేలా తుమ్ము. ఇండికేటరు, భుజం, బయటికి!

స్కూలు ముందు బండి ఆపాక పరీక్షాధికారి చాలాసేపు చేతిలోని టాబ్లెట్ పలకపై ఏదో నొక్కుకున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒక ప్రశ్న," అన్నారు. "కూడలిలో మూడుసార్లు తిరిగారు. దారి అర్థం కాలేదా?"

అవునంటే సరిపోయేది. భుజం టీచరు అవునను అన్నట్టు కనురెప్పలు ఆడించింది కూడా. కానీ రెండో దారి నాకు తెలియక కాదు. తెలిసిన అంకెను తెలియదని చెప్పడం నావల్ల కాదు. "అర్థమైందండీ," అన్నాను. "మీ తుమ్ములు సరిసంఖ్య అయ్యేదాకా ఆగాను. మా వైపు బేసి తుమ్ము మీద ముందుకెళ్ళరు."

టీచరు కళ్ళు మూసుకుంది. ఆయన కనుబొమలు రెండూ పైకి వెళ్ళి అక్కడే ఉన్నాయి.

"మొదట ఇంజను ఆపింది కూడా?"

"అందుకే."

"మొత్తం ఎన్ని?"

"పద్నాలుగు."

"నేను పన్నెండు అనుకున్నాను," అన్నారాయన. ఆలోచించారు. "గుండ్రటి కూడలిలో ఎన్నిసార్లు తిరగవచ్చో నియమం ఏమీ లేదు. ఎవరికీ అడ్డం రాలేదు, తిరిగినంతసేపూ వేగం సరిగ్గా ఉంది, బయటికి వచ్చేటప్పుడు ఇండికేటరు వేశారు, భుజం చూశారు." ఇంకోసారి నొక్కారు. "పాస్. ఇక దయచేసి ఆ అద్దాలు మూయండి."

ఆయన దిగిపోగానే భుజం టీచరు మాస్కులోపలే కేక పెట్టింది. నేనూ పెట్టాను. కరోనా రోజులు కాబట్టి కావలించుకోకూడదని మోచేతులు తగిలించుకున్నాం, ఎందుకో నాలుగైదుసార్లు తగిలించుకున్నాం. అప్పుడు ఆమె, పరీక్షాధికారి ఇచ్చి వెళ్ళిన లైసెన్సు కార్డు నా చేతిలో పెట్టి, "గుర్తుందిగా, ప్రోబెట్సైట్ రెండేళ్లు" అంది. అంటే ప్రొబేషను. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు రెండేళ్లు పరిశీలనలో ఉంటారు, ఎర్ర దీపం దాటడంలాంటి తప్పు ఒక్కటి చేస్తే కొత్త డ్రైవర్ల ప్రత్యేక తరగతికి పోవాలి, రెండేళ్లు నాలుగవుతాయి. పాఠాల్లో చదివాను. అది పిల్లలకనుకున్నాను.

"అరవై మూడేళ్లకా?"

"రూలు వయసు అడగదు మేడం. మీరు కొత్త డ్రైవరు."

ఇంటికెళ్ళి కార్డు చూపిస్తే మా ఆయన దాన్ని కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చదివారు. తర్వాత రొట్టెల దుకాణానికి ఫోను చేసి, "మా ఆవిడ పాసైంది, బండి ఇవ్వం" అని జర్మనులో చెప్పారు. ఆ మాట అవసరమైనదానికన్నా గట్టిగా, వీధికంతా వినపడేలా చెప్పారని నా ఉద్దేశం. మర్నాడు కంటి ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. పక్క సీట్లో కూర్చుని ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆపాలో ఆయన చెప్పారు. నేను వినలేదు.

ఆ రెండేళ్లూ నేను దేనికైనా ఒకటే జవాబు చెప్పేదాన్ని. "ఆ సైకిలు ముసలాయన మనల్ని దాటిపోతున్నాడు చూడు" అని మా ఆయన అంటే, "ఆయనకి ప్రొబేషన్ లేదు" అనేదాన్ని. చీకటి పడ్డాక డ్యూసెల్‌డార్ఫ్ పెళ్ళికి రమ్మంటే, "నేను ప్రొబేషన్‌లో ఉన్నాను." వేగంగా పోనివ్వమంటే, "ప్రొబేషన్." రెండువేల ఇరవై మూడు జూన్‌లో గడువు తీరింది. పోస్టులో ఏదైనా కాగితం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆఫీసుకు ఫోను చేశాను.

"మీమీద ఏ తప్పూ నమోదు కాలేదు. అయిపోయినట్టే," అంది ఆ అమ్మాయి.

"అయిపోయినట్టు కాగితం?"

"ఉండదండీ. తప్పు చేసినవాళ్ళకే మేం ఉత్తరం రాస్తాం."

ఫోను పెట్టేశాను. పూర్తి డ్రైవరునయ్యానని సంతోషించాలి. సంతోషం బదులు ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయినట్టు ఉంది. రెండేళ్లు ఈ దేశ ప్రభుత్వం నన్ను ఆ నూడుల్స్ కుర్రాడితో సమానంగా చూసింది, ఏం అల్లరి చేస్తానోనని కనిపెట్టుకుని ఉంది. నా వయసు మనిషి ఏదైనా అల్లరి చేయగలదని అంతకుముందూ ఆ తర్వాతా ఎవరూ అనుకోలేదు. మా ఆయన మేకు మీది తాళంచెవి తీసి నా చేతికిచ్చి, "ఇవాళైనా కొంచెం తొందరగా పోనిస్తావా?" అన్నారు. పోనివ్వలేదు. ఒక సిగ్నలు దగ్గర పక్కన డ్రైవింగు స్కూలు బండి ఆగింది. లోపల ఒక పిల్ల, వేళ్ళు తెల్లబడేలా స్టీరింగు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, ఊరికే ఆగి ఉన్నప్పుడు కూడా భుజాలు చూసుకుంటోంది. నవ్వొచ్చింది. ఆ వయసులో, అంటే అరవై మూడో ఏట, నేనూ అచ్చం అలాగే ఉండేదాన్ని.